తాళం వేసిన తోలు గది

వానాకాలం, ఒక శనివారం మధ్యాహ్నం. సురంగల్‌లో మా ఇల్లు. ఉన్నవారు: మా తాతయ్య, నాన్న, అమ్మ, మేనత్త, నేను. చేవెళ్ల నుంచి మేనత్త పెళ్లిచూపులకు వచ్చినవారు: పెళ్లికొడుకు, అతని తల్లి, తండ్రి.

డైరీ రాసే అలవాటు నాకు ఆ తర్వాత వచ్చింది. ఏ రోజు గురించి రాసినా ముందుగా ఎవరెవరు ఉన్నారో రాయడం మాత్రం ఆ శనివారం వల్లే మొదలైంది. ఆ రోజు మా ఇంట్లో ఉన్న మనిషిని లేడన్నారు.

నా చిన్నప్పుడు మా తాతయ్య మొయినాబాద్‌లో ఒక బడిలో గంట కొట్టే నౌకరీ చేసి దిగిపోయి ఉన్నారు. తోలు పని ఆయన తండ్రితోనే ఇంట్లో ఆగిపోయింది. తాతయ్య జీతం మీద బతికారు, పిల్లల్ని చదివించారు. కానీ తండ్రి పనిముట్లను పారేయలేదు. నౌకరీ దిగాక వెనక గదిలో వాటిని పరుచుకుని, తన సరదా కొద్దీ తోలు కుట్టేవారు. చర్చికి వచ్చేవాళ్లకు బైబిలు తొడుగులు, నాన్నకు బెల్టు, నాకు పలక పెట్టుకునే సంచి. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవారు కాదు.

అమ్మకు ఆ గది అంటే భయం. ఎంతో కష్టపడి ఆ పని నుంచి బయటపడ్డ ఇల్లు ఇది, మళ్లీ ఆ వాసన ఎందుకని ఆమె బాధ. పెళ్లికొడుకుకు పట్నంలో ఆఫీసు ఉద్యోగం. వాళ్లదీ మాలాంటి కుటుంబమే అయినా, ఆ పని వదిలేసి మాకంటే ముందే పైకి వచ్చినవాళ్లు. అందుకే ఆ రోజు అన్నాలయ్యాక అమ్మ తాతయ్య దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగింది.

"మామా, జర ఎంకపల్లి దిక్కు పోయి రారాదు? చుట్టాలు పోయినంక కబురు పెడత."

"నేను కనవడితే పిల్ల నల్లగైతదా ఏంది?"

"నిన్ను కాదు మామా. నీ చేతులను చూస్తరు."

తాతయ్య తన చేతులను ఒకసారి తిప్పి చూసుకున్నారు. గోళ్ల చుట్టూ రంగు ఇంకిపోయి ఉంది. నవ్వి, సరేనని లేచారు.

వెళ్లేవారే. కానీ ఆ పొద్దున ఆయన ఒక సంగతి గమనించారు. ఎండాకాలంలో పనిముట్లన్నీ చుట్టిపెట్టుకోవడానికి మంచి తోలుతో ఒక సంచి కుట్టుకున్నారు. తోలు మీద ప్రేమ ఉన్న మనిషి మాత్రమే చేసే పొరపాటు అది. ముసురు పట్టేసరికి ఆ తోలు తేమ తాగి, ఆ తేమనంతా ఇనుముకు అంటించింది. తోలు కోసే కత్తిని రంపె అంటారు, దాని మీద ఎర్రటి తుప్పు చుక్కలు లేచాయి. సాయంత్రం దాకా అట్లాగే వదిలేస్తే మచ్చలు లోతుకు దిగుతాయి. అందుకని ముందు గుమ్మం నుంచి బయటికి వెళ్లిన మనిషి, దొడ్డి వైపు నుంచి వచ్చి చప్పుడు చేయకుండా ఆ గదిలో దూరారు. నేను ఆయన వెనకే దూరాను. తలుపు దగ్గరికి వేసుకున్నారు.

కాసేపటికి బయట గొళ్లెం పడింది. దాని మీద తాళం తిరిగింది. గదిని ఎవరూ చూడకూడదని అమ్మ వేసింది. నేనూ తాతయ్య వెంట ఎంకపల్లి వెళ్లాననుకుంది. నేను అరవబోయాను. సరిగ్గా అప్పుడే ముందు వైపు నుంచి "రండ్రి, రండ్రి, తడిసినట్టున్నరు" అని నాన్న గొంతు వినిపించింది. తాతయ్య అరచేయి నా నోటి మీద పడింది. ఆముదం వాసన.

"ఇప్పుడు తలుపు కొట్టినమనుకో, మీ అత్త పెండ్లి మీదికొస్తది. ఊకో బిడ్డా" అని చెవిలో అన్నారు.

ఆ గదికి కిటికీ లేదు. పైన ఒక గాజు పెంకు, దాని మీద వాన. దండెం మీద వేలాడే తోళ్లు నా తలకు తగులుతున్నాయి. ఉక్కపోత. గోడ అవతలే మాటలు, నవ్వులు, చాయ గ్లాసుల చప్పుడు. నాకు దాహమేసింది. ఊపిరి ఆడనట్టు అనిపించింది. తలుపు వైపు చూస్తే ఏడుపు పొంగుకొస్తోంది. ఏడిస్తే వినిపిస్తుంది.

తాతయ్య నన్ను తలుపుకు వీపు పెట్టేటట్టు కూర్చోబెట్టారు. నా చేతిలో పాత ధోతి గుడ్డ ముక్క పెట్టి, గుసగుసగా పని చెప్పడం మొదలుపెట్టారు. ముందు పొడిగుడ్డతో తుడవాలి, ఎందుకంటే చేతి చెమట కూడా ఇనుముకు వానే. మచ్చ ఉన్న చోట మెత్తటి ఇటుక పొడి, ఒక చుక్క నూనె వేసి ఒకే వైపు రుద్దాలి. మళ్లీ తుడిచి, కనపడీ కనపడనంత నూనె రాయాలి. నూనె కారుతుంటే రేపు తోలు మీద మరక పడుతుంది. రంపెను తోలు పట్టీ మీద సాన పట్టడం మాత్రం ఆ రోజు కుదరదన్నారు. చప్పుడవుతుంది కదా.

తరువాత ఆరెలు, అంటే తోలుకు తూట్లు పొడిచేవి. వాటి మొనను బొటనవేలి గోరు మీద ఆనించి చూడమన్నారు. జారితే మొద్దు, ఆగితే పదును. పిడి అరచేతి గుంటలో కూర్చోవాలట, లేకపోతే ఎంత పదునున్న ఆరె అయినా మనది కాదట. ఒక్కొక్కటీ నా చేతిలో పెట్టి చూశారు. చివరికి ఒక చిన్నది సరిపోయింది. తుడిచిన ఆరెలను తోలు సంచిలో కాకుండా, మైనంలో ముంచి తీసిన జొన్నకాడల బెండు ముక్కలకు గుచ్చి, ఒక చెక్క మీద వరసగా పెట్టించారు. ఎన్నో ఏళ్ల తర్వాత, ఉద్యోగం దిగాక నేనూ ఇదే సరదాలో పడ్డాను. ఏ పనిముట్లు కొనాలని అడిగేవాళ్లకు ఇప్పటికీ నేను చెప్పేది ఇంతే. పెట్టె నిండా మెరిసే సామాను కొనకండి, చేతికి కుదిరిన ఒక ఆరె, ఒక రంపె చాలు. ఇంతకుమించి నేను నేర్చింది తక్కువ.

అట్లా పనిలో పడి తలుపును మరచిపోతున్న సమయంలో గోడ అవతల పెళ్లికొడుకు తండ్రి అడిగారు.

"అవునుగని, మీ బాపు కనవడతలేడేంది?"

చాయ గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"లేడండి" అన్నాడు నాన్న. "పని మీద ఊరికి పోయిండు. ఇయ్యాల రాడు."

తాతయ్య చేయి రంపె మీద ఆగింది. తరువాత మళ్లీ తుడవడం మొదలుపెట్టింది, తుడిచిన చోటనే. నాకు ఎందుకో తలుపు మూసినప్పటి కంటే ఎక్కువ భయమేసింది. ఆయన మోకాలు పట్టుకుని "తాతా, నువ్వు ఈడనే ఉన్నవ్ గద?" అని అడిగాను.

"ఉన్న బిడ్డా. నీకు ఎర్కనే గద. గంతే సాలు."

వాన తగ్గలేదు. చుట్టాలు లేవలేదు. "ఈ వాన మమ్ములను ఈడనే వియ్యాలోళ్లను చేసి తోలేటట్టున్నది" అని పెళ్లికొడుకు తల్లి అంటే అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నాన్నే. తుడవడానికి ఇక ఏమీ మిగల్లేదు. తాతయ్య, నేను గాజు పెంకు వైపు చూస్తూ కూర్చున్నాం.

చివరికి పిల్ల నచ్చిందని చెప్పి వాళ్లు వెళ్లారు. అమ్మ సంతోషంగా వచ్చి తాళం తీసింది. మమ్మల్ని చూసి గడప మీదే కూలబడింది.

"అయ్యో దేవుడా! మామా, లోపలనే ఉన్నరా?"

"నువ్వే గద పిల్లా తాళమేసినవ్. ముందుగాల పోరికి నీళ్లియ్యి."

అమ్మ వెనక పట్టుచీరలో మేనత్త నిలబడి ఉంది. తండ్రి నిజంగానే ఊరికి వెళ్లాడనుకుంది ఆమె. "ఎప్పటిసంది ఉన్నరు?" అని నన్ను అడిగింది. చాయ తాగకముందు నుంచి అని చెప్పాను. ఆమె గోడ వైపు చూసింది. ఆ గోడకు అవతల ఏ మాటలు జరిగాయో ఆమెకు తెలుసు. నాన్న వాకిట్లోనే ఉండిపోయాడు. ఆ రాత్రి ఎవరూ సరిగా తినలేదు.

మరునాడు పొద్దున ఎండ వచ్చింది. మేనత్త వెనక గదిలోంచి ఆరెల చెక్కను, రంపెను తెచ్చి ముందు అరుగు మీద, బాట మీద పోయేవాళ్లకు కనిపించేటట్టు ఆరబెట్టింది. తాతయ్యను చేయి పట్టుకుని తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. తరువాత నాన్నతో అంది.

"అన్నా, చేవెళ్ల పోయి రా. బాపు ఇంట్లనే ఉండెనని చెప్పి రా."

"పాగల్ అయినవా? కుదిరిన సంబంధం..."

"బాపు లేడంటే కుదిరింది. ఉన్నడన్నంక గూడ కుదిరితే చేసుకుంట."

"వాళ్లు వద్దంటే?"

"వద్దననీ. రేపు పెండ్లినాడు బాపును ఏ గదిల పెట్టి తాళమేస్తరు?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ లోపలికి వెళ్లి చాయ తెచ్చి, బాట మీద అందరూ చూస్తుండగా, అరుగు మీద ఉన్న తాతయ్యకు రెండు చేతులతో ఇచ్చింది. నాన్న కాళ్లు కడుక్కుని, చెప్పులు వేసుకుని బస్సు కోసం నడిచాడు. తాతయ్య చాయ పక్కన పెట్టి, పట్టీ తీసుకుని, రంపెను సాన పట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పుడు వీధంతా వినిపించింది.

ఈనాటికీ నా పనిబల్ల ముందు గదిలోనే ఉంటుంది. ఎవరు వచ్చినా దాని మీద గుడ్డ కప్పను.