బోనుకూ మైలేనా

ఉదయం ఏడుంబావుకు గద్వాలలో వనపర్తి బస్సు కదిలింది. నా ఒళ్లో ఉన్న బోనులో ఒక ఫెర్రెట్ ఉంది. చూడ్డానికి ముంగిసలా ఉండే ఆ జంతువును నా భార్య పెంచుకుంది. ఆమె చనిపోయాక ఆ రోజు దాకా నేను గడప దాటలేదు, దాన్నీ బోను దాటనివ్వలేదు. అది తిండి మానేసి కమ్మీలు కొరుకుతుంటే, వనపర్తిలో పశువుల డాక్టరుకు చూపిద్దామని బయల్దేరాను.

పక్క సీటులోని ముసలామె వంగి చూసింది.

"ఏంది నాయనా, పండ్లు ఊడేటట్టు కొరుకుతుంది?"

"మా ఇంటామె పోయింది. అప్పటిసంది దీన్ని బయటికి ఇడువలేదమ్మా."

"మైల నీకుంటది గని, దానికెందుకయ్యా? తలుపులేసుకొని ఇంట్లనన్న జర తిరగనియ్యరాదు!"

పెబ్బేరులో దిగేముందు ఆమె కమ్మీల మధ్య నుంచి దాని వీపు నిమిరింది. అది కొరకడం ఆపింది.

ఇప్పుడు నేను ఇంట్లో ఉన్నంతసేపు బోను తలుపు మూయడం లేదు.