అతికించిన ఆఖరి పేజీలు

మా పెద్దమ్మ దయవల్ల చావులేని చక్రవర్తులు చాలామంది నాకు తెలుసు. తొమ్మిదో తరగతి సగంలో బడి నన్ను పోగొట్టుకుంది గానీ, పిల్లల గ్రంథాలయంలోని మహానుభావుల జీవిత కథలన్నీ నమిలి మింగినవాణ్ణి. ఆ ధీమాతోనే ఓసారి టీ కొట్టు దగ్గర, ఎన్నో వందల ఏళ్ల కిందటి రాజు ఇంకా ఎక్కడో కులాసాగా ఉన్నాడని ఒక లెక్చరరుతో వాదించి, ఆయన నోరు మూయించాను. సరిగ్గా అప్పుడే ఆయన బస్సు వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

తప్పు నాది కాదు. ఆ గ్రంథాలయం నడిపేది మా పెద్దమ్మే. పిల్లలకు ఆమె పుస్తకాలమ్మమ్మ. చిరిగిన పుస్తకాలు అతికించడానికి మైదాపిండి ఉడికించి జిగురు చేసేది. ఆ జిగురుతోనే ప్రతి జీవిత కథలోనూ మనిషి పోయే పేజీలను ఒకదానికొకటి అంటించేసేది.

"ఎందుకు పెద్దమ్మా?" అంటే, "గుర్రమెక్కినవాణ్ణి గుర్రం మీదే ఉండనీరా. దింపి మంచమెక్కించడం నావల్ల కాదు" అనేది. పెదనాన్న మంచానపడి పోయిన ఏడాదే ఈ అలవాటు మొదలైందని మా అమ్మ చెబుతుంది.

మొన్న వేసవిలో మా వీధి టైలరమ్మ కూతురు ఓ రాణి కథ తిరిగి తెచ్చింది. టైలరమ్మ అప్పటికి చాలా రోజులుగా ఆసుపత్రిలో ఉంది. ఇక లాభం లేదన్న సంగతి వీధంతటికీ తెలుసు, ఆ పిల్లకు తప్ప.

అంటుకున్న పేజీల మీద వేలు పెట్టి అడిగింది. "అమ్మమ్మా, ఇందులో ఏముంది?"

"ఏం లేదమ్మా. అచ్చు పాడైంది."

"లైటుకి ఎదురుగా పట్టి చూశా. అక్షరాలున్నాయి."

నేను ఊరుకుంటానా? "ఆ రాణిగారు మా వెనక వీధిలోనే ఉంటోంది. పొద్దున పాల ప్యాకెట్టు కోసం నాతో పోట్లాడింది కూడా!" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "నాన్న కూడా ఏం లేదనే అంటున్నాడు. మరి అమ్మకి కుట్టమనిచ్చిన బట్టలన్నీ ఎందుకు తిరిగిచ్చేస్తున్నాడు?"

పెద్దమ్మ నా వంక చూసింది.

ఆమె తడిగుడ్డతో పేజీల అంచులు నానబెట్టి, గోటితో మెల్లగా విడదీసింది. కొన్ని అక్షరాలు ఇటువి అటు ఊడి వెళ్లిపోయాయి. మిగిలినవి పైకి చదివింది. రాణికి జబ్బు చేసింది. వైద్యులు వచ్చారు, వెళ్లారు. 'కన్నుమూసింది' అన్న మాట కూడా మింగకుండా చదివింది.

"రాణికి కూతురుంది కదా? తనకి ముందే చెప్పారా?"

పెద్దమ్మ పేజీ అటూ ఇటూ తిప్పింది. "అది రాయలేదమ్మా."

"చెప్పకపోతే పాపం, ఎక్కడో ఆడుకుంటూ ఉండిపోయి ఉంటుంది."

పెద్దమ్మ లేచింది. "ఒరేయ్, తలుపు మూసి ఆటో పిలువు. పాపా, మీ నాన్న ఆసుపత్రిలోనే ఉన్నాడా?"

"ఊ."

"పద. నేను పక్కనుండి మీ నాన్నచేత అన్నీ చెప్పిస్తాను."

ఆటోవాడికి దారి ఉన్నదున్నట్టు చెప్పాను. పుట్టాక అదే మొదటిసారి. పుస్తకం ఆ పిల్ల ఒళ్లో ఉంది. తడి పేజీలు మళ్లీ అంటుకోకుండా మధ్యలో వేలు పెట్టుకుని కూర్చుంది.