గాలి కొలిచిన సాంబారు గరిటెలు

ప్రాజెక్టు అనేది చేసేది కాదు, కొనుక్కొచ్చేది అని అందరూ మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. మరీ పాత కాలమేం కాదు, అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్న కాలమే. బందరు నుంచి గుడివాడ కాలేజీకి బస్సులో వెళ్ళి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివేదాన్ని. ఆఖరి ఏడాది రాగానే పిల్లలంతా విజయవాడ వెళ్ళి, షాపులో ఒక డబ్బా ఎంచుకుని, వాళ్ళు చెప్పిన నాలుగు ముక్కలు బట్టీపట్టి వచ్చేవారు. షాపు అడ్రసు మా హెచ్‌ఓడీ గారే ఇచ్చేవారు (అందుకే ఆయనకు మేం పెట్టుకున్న పేరు రెడీమేడ్ సారు). నేను మాత్రం కొననన్నాను. ఎందుకంటే, కొనమన్నారు కాబట్టి.

"సొంతంగా చేస్తావా? సరే. వైవా రోజు పనిచెయ్యకపోతే ఫెయిలేనమ్మా. క్యాంపస్ ఇంటర్వ్యూలో వచ్చిన ఉద్యోగం కూడా పోద్ది. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకూడదు" అన్నారాయన.

"ఏడవనండి" అన్నాను. ఇంటికెళ్ళి ఏడ్చాను, అది వేరే సంగతి.

మంగినపూడిలో సముద్రం మీద చేపల వేటకెళ్ళే మావయ్య కోసం గాలి వేగం చూపించే మీటరు చెయ్యాలని నా పట్టుదల. గాలికి తిరిగే గిన్నెలుగా, మా చర్చిలో ప్రేమ విందుకు వాడే సాంబారు గరిటెలు నాలుగు కాడలతో సహా బిగించాను. (ఆ ఆదివారం సాంబారు గ్లాసులతో పోశారు. గరిటెలేమయ్యాయని పాస్టరమ్మ గారు అందరినీ అడిగారు, నన్ను తప్ప.) ఇరుసుకు అయస్కాంతం, పక్కన సెన్సారు. చుట్టు తిరిగినప్పుడల్లా సెన్సారు ఒక దెబ్బ కొడుతుంది: అయిదు వోల్టులు, మళ్ళీ సున్నా. చిక్కేమిటంటే, పిల్లగాలి వీచినా తుఫాను వచ్చినా ఆ దెబ్బ అయిదు వోల్టులే. మారేది ఎంత త్వరత్వరగా కొడుతోందన్నదే. నా సూది మీటరుకేమో లెక్కపెట్టడం రాదు, వోల్టేజి ఎంతుంటే అంత కదులుతుంది. అందుకని చిల్లు బకెట్లో గ్లాసుతో నీళ్ళు పోసినట్టు, ప్రతి దెబ్బకీ కాస్త ఛార్జీ కెపాసిటర్లో పోసి, రెసిస్టరు గుండా కారనిచ్చాను. గబగబా పోస్తే మట్టం పెరుగుతుంది, నెమ్మదిగా పోస్తే తగ్గుతుంది. ఆ మట్టమే వోల్టేజి. పనిచేసింది! కాకపోతే సూది చలిజ్వరం వచ్చినట్టు వణికేది. రెడీమేడ్ సారు చూసి పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండి, బకెట్టు పెద్దదైతే మట్టం ఊగదని పెద్ద కెపాసిటరు పెట్టేశాను. సూది బుద్ధిగా నిలబడింది.

వైవా రోజు నాకంటే ముందు వెళ్ళిన బ్యాచ్‌లన్నీ ఒకే రకం డబ్బా, ఒకే రకం మాటలతో మార్కులు కొట్టేశాయి. నా వంతు వచ్చింది. టేబుల్ ఫ్యాను వేశాను, గరిటెలు తిరిగాయి, సూది లేచింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, గరిటెలు ఆగాయి. బ్యాటరీ మీదున్న నా సూది మాత్రం ఇంకా హోరుగాలి చూపిస్తూ, పెద్ద బకెట్లో నీళ్ళు కారిపోతున్నట్టు తీరుబడిగా దిగుతోంది.

"గాలెక్కడుందమ్మా?" అన్నారు బయట కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు గారు.

"ముందే చెప్పానండి ఈ అమ్మాయికి" అన్నారు రెడీమేడ్ సారు.

నా మొహం మాడిపోయింది. మరుక్షణం మొండితనం ముంచుకొచ్చింది. పెద్ద కెపాసిటరు ఊడబెరికి, పాత చిన్నది గుచ్చి, పరీక్ష అట్టతో గరిటెల మీదికి విసిరాను. సూది వణుకుతూ లేచింది. విసరడం ఆపి గరిటెలు పట్టుకున్నాను. సూది వెంటనే పడింది.

"వణుకుతోందేంటి?" అన్నారు ఎగ్జామినరు గారు.

"వణకనివ్వండి సార్. గాలే నిలకడగా ఉండదు, సూది ఎందుకుండాలి? నున్నగా అబద్ధం చెప్పే సూదిని నమ్మి మా మావయ్య సముద్రంలోకి వెళ్ళాలా?"

ఎగ్జామినరు గారు నవ్వి పాస్ చేశారు. కొన్న డబ్బాలన్నిటికీ నాకంటే ఎక్కువ మార్కులే వచ్చాయి. "చూశావా?" అన్నారు రెడీమేడ్ సారు. "చూశానండి. అవి షాపువాళ్ళవి, ఇవి నావి" అన్నాను.

ఉద్యోగం దక్కింది. ఇప్పుడు కొత్తవాళ్ళను ఇంటర్వ్యూ చేసే కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. పైవాళ్ళు ఏమన్నా "అలాగేనండి" అనడం కూడా బాగా వచ్చేసింది. అప్పటి ఆ గరిటెల పిల్లే ఇవాళ వచ్చి నా ఎదురుగా కూర్చుంటే, పొగరెక్కువని పంపించేస్తానేమోనని భయం. పంపిస్తే ఊరుకోదులెండి, తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చి నాతో పోట్లాడుతుంది. ఆ పోట్లాటలో నేనే ఓడిపోవాలని నా కోరిక.