పాదం చూడకుండా ధర

శాలన్ సాత్‌పుతే ఎవరు ఇంటికొచ్చినా ముందు వాళ్ళ కాళ్ళు చూసేది, మొహం తరవాత. కొల్హాపూర్ సుభాష్‌నగర్‌లో చెప్పులు కుట్టే ఇళ్ళన్నిటికీ ఉన్న అలవాటే అది. ఆమె పోయి ఏడాదైనా ఆ వీధివాళ్ళు ఆమె మాట వస్తే కాళ్ళ సంగతి నవ్వుతూ చెప్పి, ఆ తరవాత మే నెల చివరి శుక్రవారం సంగతి ఎత్తుతారు. అది చెప్పేటప్పుడు ఎవరూ నవ్వరు.

శాలన్ నడిపే ఆన్‌లైన్ దుకాణాన్ని, ఫోన్‌లో వస్తువులు వెతికేవాళ్ళకు కనబడే షాపింగ్ జాబితాలోంచి తీసేసి అప్పటికి పదకొండు రోజులు. పేజీ ఫోన్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది, ధర కనిపించడం లేదు అని ఆ జాబితా నడిపే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. తప్పు సరిచేశానని రెండుసార్లు తనిఖీ అడిగింది. రెండుసార్లూ కాదన్నారు. మూడోసారి అడగడానికి శుక్రవారం సాయంత్రం అయిదు వరకే గడువు. అదీ పోతే నెల దాకా అడగడానికి లేదు. ఈలోగా మృగశిర వచ్చేస్తుంది. వానల్లో ఆ ఊళ్ళో తోలు చెప్పు కొనేవాడు ఉండడు. జైపూర్ నుంచో ఢిల్లీ నుంచో ఫోన్‌లో చూసి కొనేవాళ్ళ వల్లే ఆ నాలుగు నెలలూ ఆమె దుకాణానికి చెప్పులు కుట్టే ఆరిళ్ళలో పొయ్యి వెలిగేది. లేదంటే మళ్ళీ టోకు వ్యాపారి గుమ్మం ముందు నిలబడాలి. ఆ గుమ్మం దగ్గర ఎలా నిలబడాలో శాలన్‌కు బాగా తెలుసు.

మొదటి రెండు రోజులూ ఫొటోలతో సరిపోయింది. ఒక్కో జతకు ఆరు ఫొటోలు, ఒక్కొక్కటీ గోడకు వేలాడదీసేంత పెద్దవి. కుట్టు కుట్టు కనబడాలని మామగారు పట్టుబట్టి తీయించినవి. అన్నిటినీ కుదించింది. పేజీ తెరుచుకునేలోపు మామగారు భికాజీ ఎన్ని కుట్లు వేస్తాడో చూసుకునేది. పద్నాలుగు కుట్లు తొమ్మిదికి దిగాయి. అక్కడే ఆగిపోయాయి.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆ తొమ్మిది కుట్ల ఆలస్యం ఎక్కడుందో తెలిసింది. 

పేజీ తెరవగానే అన్నిటికన్నా ముందు ఒక పాదం బొమ్మ వస్తుంది. "పాదం కాగితం మీద ఆనించండి. బరువంతా మడమ మీద వెయ్యకండి" అంటూ ఒక గొంతు పలుకుతుంది. ఫోన్ కెమెరా పాదాన్ని కొలుస్తుంది. ధర ఆ తరవాతే. అది శాలన్ భర్త దత్తూ చేసిపెట్టింది. గొంతూ అతనిదే. అతను పోయి అప్పటికి రెండేళ్ళు.

శాలన్ ఆ సంగతి చెబుతుంటే పక్కింటి అక్కాతాయి చెప్పుల పట్టీకి తోలు జడ అల్లుతూ అంతా వింది.

"అయితే ఆ తనిఖీ చేసేది మనిషి కాదా?"

"మిషను, అక్కాతాయీ."

"మిషనుకు కాళ్ళెక్కడివే పిల్లా? కాళ్ళు లేనిదాన్ని గుమ్మంలో నిలబెట్టి పాదం పెట్టమంటే ఎక్కణ్ణించి పెడుతుంది? పాపం, అలిగి పోయింది!"

శాలన్‌కు నవ్వు రాలేదు. మూడున్నర దాటింది.

"మామంజీ, ధర ముందు కనబడాలి. పేజీ తెరవగానే. కొలత కింద పెడతాను. కావాలన్నవాళ్ళు నొక్కి కొలుచుకుంటారు."

కోడలి మాటకు భికాజీ చేతిలోని తోలు కుట్టే ఆరె కింద పెట్టలేదు. "పాదం చూడకుండా ధర ఎలా చెప్పను సూన్‌బాయీ? వెడల్పు పాదానికి పట్టీ ఎక్కువ పడుతుంది. మా నాన్న చెప్పలేదు, నేను చెప్పలేదు. అరవై ఏళ్ళు!"

"అన్ని సైజులకూ ఒకటే ధర పెడదాం."

"ఏనుగుకూ పిల్లికీ ఒకటే ధరా? బజారులో నవ్వుతారు నన్ను చూసి."

"నవ్వనివ్వండి. వానల్లో టోకు షావుకారు నవ్వేదాని కంటే తక్కువే నవ్వుతారు."

అక్కాతాయి అల్లడం ఆపేసింది. మామగారితో శాలన్ అంత మాట అనడం ఆ ఇంట్లో అదే మొదలు. భికాజీ తోలు ముక్కను తిప్పి తిప్పి చూశాడు. ఉమ్మి తడి చేశాడు.  నాలుగున్నర అయింది. ఆయన నోటితో చెప్పనిదే ధర వెయ్యకూడదని శాలన్‌కు పట్టుదల. చెప్పు ఆయనది, మాట ఆయనదే కావాలి. 

"పద్నాలుగు వందలు," అన్నాడు భికాజీ చివరికి, తోలుతోనే చెబుతున్నట్టు. "పెద్ద పాదాలు వస్తే నా ఖర్మ."

శాలన్ గబగబా ధర కొట్టింది. కొలత బొమ్మను కిందికి దించబోతుంటే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కసారి విననీ."

"టైము లేదు మామంజీ!"

"తొమ్మిది కుట్లేగా."

ఆమె పేజీ తెరిచింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. తెల్లటి తెర మీద చుక్క గుండ్రంగా తిరిగింది, తిరిగింది. తరవాత దత్తూ గొంతు పాదం ఆనించమంది, మడమ మీద బరువు వెయ్యొద్దంది. భికాజీ ముడుచుకున్న కాళ్ళు తెలియకుండానే చాపాడు. "ఇక దించు," అన్నాడు.

అయిదుకు మూడు నిమిషాలుండగా మూడో తనిఖీకి అర్జీ పంపింది. అంతకుముందు ఒకసారి తెరిచి చూస్తే ధర రెండో కుట్టుకే వచ్చేసింది.

ఆ రాత్రి ఆమె భాకరీ రొట్టె తుంచి పళ్ళెంలోనే వదిలేసింది. శనివారం ఏమీ రాలేదు. ఆదివారం వీధిలో ఆమెను ఎవరూ పలకరించలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని. సోమవారం పదిన్నరకు ఉత్తరం వచ్చింది, దుకాణం మళ్ళీ జాబితాలో చేరిందని. అక్కాతాయి వీధంతా కేకేసింది. శాలన్ మాత్రం గడప మీద కూర్చుని పేజీ తెరిచి, ధర కనబడుతోందో లేదో మళ్ళీ చూసుకుంది.

బుధవారం జైపూర్ నుంచి మొదటి ఆర్డరు. పదకొండో నంబరు.

"పదకొండా! పాదమా, పడవా?" అన్నాడు భికాజీ. "కొలుచుకున్నాడా?"

"లేదు మామంజీ. కింద నొక్కలేదు."

ఆయన కాసేపు నేలకేసి చూశాడు. అక్కడొక పాదం ఉన్నట్టే చూశాడు. తరవాత తోలు పరిచి, ఆ చూడని మనిషి పాదం వెడల్పుదే అయితే ఇరుకవుతుందేమోనని రెండు వేళ్ళ తోలు ఎక్కువే వదిలి కోశాడు.