దంతపు రేకు మీది ముఖం

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వింటే ఇంతేనా అంటారేమో. కానీ దాన్ని నమ్మిన మనిషి పోయిన నెల చనిపోయింది. ఇక దిద్దుకునే దారి లేదు. నా పేరు మాత్రం అడక్కండి. ఈ ఊళ్ళో నాకింకా మర్యాద ఉంది, అది పోతుందన్న భయమూ ఉంది.

జంషెడ్‌పూర్‌లో ఒక కర్మాగారం ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఉక్కు ముక్కను సానబెట్టి, తుడిచి, మైక్రోస్కోపు కింద పెట్టి దాని గుణం చెప్పడం నా ఉద్యోగం. పాత బొమ్మల పిచ్చి దానికి తోడు. మొగలుల నాటి చిన్న ముఖచిత్రాలను ఏ కాగితం మీద, ఏ దంతం మీద, ఏ రంగులతో వేసేవారో పుస్తకాలు తెప్పించుకుని చదివేవాణ్ణి. దాంతో ఇక్కడి తెలుగువాళ్ళలో నాకో పేరొచ్చింది. ఎవరింట్లో పాత వస్తువు కనబడినా నా దగ్గరికి తెచ్చేవారు. నేను చెప్పిందే వేదం. ఆ పేరంటే నాకెంత మోజో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒక ఆదివారం ఊళ్ళోనే ఉన్న భుయ్యాడీహ్ బస్తీ నుంచి నరసమ్మ పిన్ని వచ్చింది. చుట్టం కాదు, మా శ్రీకాకుళం వైపు మనిషి కాబట్టి పిన్ని. ఆమె భర్త అప్పారావు బాబాయి టాటానగర్ రైల్వేలో ఫిట్టరు, అంతకు కొన్ని నెలల క్రితమే పోయాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆమె బంగారు గాజులు అమ్మేసి, ఎవరో ఖాళీ చేస్తున్న బంగళాలో ఒక బేగం ముఖచిత్రం కొన్నాడు. ఆ గాజులు ఆమెకు తల్లి పెట్టినవి. జీవితమంతా ఆమె ఆయనతో మనసిచ్చి మాట్లాడలేదు. అది మొగలుల నాటిదని ఆయనంటే పిల్లలు కూడా గప్పాలరాయుడని ఏడిపించేవారు. పోయేముందు ఆయన అన్నది ఒకటే మాటట. అది అసలుది, తెలిసినవాడికి చూపించు అని.

"అసలుదని నువ్వంటే సాలు బాబూ. అమ్ముకోడానికి కాదు. ఆయన మీద కోపం వొదిలేత్తాను" అంది. బొమ్మ నా చేతికిచ్చి, మా ఆవిడతో వంటింట్లోకి వెళ్ళింది.

బొమ్మ చట్రానికున్న అద్దం విప్పాను. వెలుతురుకు ఎదురుగా పెడితే రేకు పాలమీగడ రంగులో వెలిగింది, లోపల సన్నటి వంకర గీతలు. ప్లాస్టిక్ అయితే గీతలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఎముకైతే నల్లటి చుక్కలుంటాయి. ఇది దంతం. భూతద్దంలో ముఖం చూశాను. వెంట్రుకంత కుంచెతో పెట్టిన చుక్కలు, ముత్యాల దండ అంచున నిజం బంగారం. మొగలుల చివరి రోజుల పనితనం.

అక్కడితో ఆగి ఆమెను పిలిచి ఉంటే?

ఆగలేదు. ఏళ్ళ తరబడి దేవుడి గూట్లో ఉండి బొమ్మ మీద పొగ పట్టింది. మా ల్యాబులో తుడవకుండా ఏ ముక్కనూ చూడం. ముప్పై ఏళ్ళ అలవాటు. దూది తడిపి బొమ్మ ముఖం మీద ఒక్కసారి రాశాను. దంతం మీది రంగు బంక నీళ్ళతో కలిపింది, తడి తగిలితే కరిగిపోతుందని చదివాను. నాకు తెలుసు. తెలిసి కూడా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. దూదికి గులాబీ రంగు అంటింది. బేగంకి కళ్ళు లేవు, ముక్కు లేదు. తెల్లటి రేకు మిగిలింది.

వంటింట్లోంచి కప్పుల చప్పుడు. నాకు దొరికింది ఆ కాస్త సమయమే. ఆ తర్వాతి మాట భయంతో అన్నానా, అహంకారంతో అన్నానా? నా చెయ్యి తప్పు చేసిందని ఊరంతా చెప్పుకుంటుందన్న ఆలోచనే మొదట వచ్చింది. ఆమె రెండో ఆలోచన. అంతలో పిన్ని వచ్చింది.

"నకిలీది పిన్నీ. ప్లాస్టిక్ మీద బజారు రంగు. చూడు, తుడిస్తే ఊడిపోయింది."

ఆమె బొమ్మ వంక చూడలేదు. నా వంకే చూసింది.

"నిజమేటి బాబూ?"

"నిజమే. బాబాయిని ఎవరో మోసం చేసుంటారు."

"ఆయన్నెవులూ మోసం సెయ్యలేదు. ఆయనే నన్ను సేసినాడు. సచ్చిపోతా కూడా నిజం సెప్పలేదు" అంది. టీ తాగకుండానే లేచింది. రేకు పారేయమని నాకే వదిలేసింది.

తర్వాత ఆమె చిన్నకొడుకుతో ఈ ఊళ్ళోనే, పర్సుడీహ్‌లో ఉంటోందని విన్నాను. వెళ్ళలేదు. వెళ్ళాలని ఎన్నోసార్లు అనుకున్నాను, అనుకోవడంతోనే మంచివాణ్ణయినట్టు తృప్తిపడి ఊరుకున్నాను. ఆమె పోయాక పెద్దకర్మకి మాత్రం వెళ్ళాను. గోడకి ఆమె ఫొటో ఒక్కటే ఉంది. బాబాయిది ఏదని ఎవరో అడిగారు. "దాదీ నే మనా కియా" అన్నాడు మనవడు. నాయనమ్మ పెట్టనివ్వలేదట. అన్నేళ్ళూ ఆయన తద్దినం కూడా పెట్టనివ్వలేదని పక్కనున్నాయన గొణిగాడు. నేను తలొంచుకుని ఆ ఇంటి అన్నం తిన్నాను. అడిగి మరీ పెరుగు వేయించుకున్నాను. ఎందుకో తెలియదు, ఆ పెరుగే ఎక్కువ గుర్తొస్తోంది.

మీరు క్షమిస్తారని రాయడం లేదు. క్షమించాల్సిన ఇద్దరూ లేరు. వాళ్ళబ్బాయికి ఎదురుగా చెప్పే ధైర్యం నాకుందో లేదో తెలియదు, ఉందని మీతో ఇంకో అబద్ధం ఆడను. ఉన్నమాట ఇది. బొమ్మ అసలుది. అప్పారావు బాబాయి నిజమే చెప్పాడు. ముఖం చెరిపింది నేను. ఇన్నేళ్ళలో ఈ మాటలు రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం ఆడుతోంది.