గుట్టను సెలవడిగిన రాత్రి

మా ముత్తాత అనంతరెడ్డి మాలీపటేల్, ఊరి శిస్తు వసూలు చేసే పెద్ద. తాత భూపతిరెడ్డి కచేరీలో కూర్చుంటే, రాయదుర్గం నుంచి మణికొండ దాకా ఏ తగవైనా అక్కడే తెగేది. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి, కథలల్లి చెప్పే అవసరం నాకు లేదు. నమ్మకపోతే మీ ఇష్టం... ఇది నాకు జరిగింది.

తొంభైల చివర. కొత్త ఆఫీసుల కోసం గుట్టలన్నీ పేలుస్తున్నారు. తమ్ముళ్లు పట్టుబట్టి మా చివరి గుట్టనూ అమ్మించారు. దాని కడుపులో ఒక గుహ. యూనివర్సిటీ వాళ్లొచ్చి, రాతి గొడ్డళ్లు, గోడ మీది ఎర్రబొమ్మలు, నేల మీది పాత పొయ్యి బూడిద చూసి, వేల ఏళ్ల కింద మనుషులు కాపురమున్న చోటు అన్నారు. మళ్లీ రాలేదు.

రాయి కొట్టే వడ్డెరవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. గుట్టగల ఇంటి పెద్దకొడుకు పొద్దుగూకాక దీపంతో ఒక్కడే లోపలికెళ్లి గుట్టను సెలవడగాలి. అతను బయటికొచ్చి సరేనంటేనే సమ్మెట ఎత్తుతారు. గుట్ట చేయి మారినా, వాళ్ల మేస్త్రీ సాయిలు నా దగ్గరికే వచ్చాడు. మా ఇంటికి చెల్లుబాటయ్యే మాట అదొక్కటే మిగిలింది.

వెళ్లాను. గాలి లేదు. దీపం నిలువుగా వెలుగుతోంది. "భూపతిరెడ్డి మనుమణ్ణి..." అని మొదలుపెట్టాను.

టక్...

రాయి మీద రాయి. దీపం అందని చోట. టక్... టక్... తొందరేమీ లేకుండా ఎవరో చెక్కుతున్నట్టు. దగ్గాను. ఆగిపోయింది. కొత్త మనిషి గడపలో నిలబడితే ఇంట్లోవాళ్లు పని ఆపి చూస్తారే... అలా.

పసిబిడ్డ కుయ్యిమంది. వెంటనే ఎవరో జోకొట్టారు. అరచేత్తో... మెల్లగా... తప్... తప్...

దీపం కింద పెట్టి నేల తడిమాను. చేయి పాత బూడిదలో పడింది.

వెచ్చగా ఉంది.

తాత పేరు ఇంకోసారి చెప్పాను. దీపం అందుకుని బయటికొచ్చాను.

బయట సాయిలు, గుట్ట కొన్న కాంట్రాక్టరు నిలబడి ఉన్నారు.

"ఏమన్నది, దొరా?" అన్నాడు సాయిలు.

"లోపల మనుషులున్నరు. వద్దు."

కాంట్రాక్టరు నవ్వాడు. "కిరాయికున్నరా, పటేలా? జర ఖాళీ చెయ్యమనుండ్రి."

సాయిలు నవ్వలేదు. తనవాళ్లను పిలుచుకుని, సమ్మెటలు భుజానేసుకుని వెళ్లిపోయాడు. తెల్లారేసరికి వేరే ఊరి మనుషులు డ్రిల్లింగ్ మిషన్లతో దిగారు. వాళ్లకు ఎవరినీ అడిగే ఆచారం లేదు.

ఎండకు కాగిన రాయి రాత్రి చల్లబడుతూ చప్పుడు చేస్తుందంటారు. కావచ్చు. ఆ బిడ్డ గొంతు ఏ పిట్టదో కావచ్చు. మరి బూడిద...? నాకు ఇప్పటికీ తెలియదు.

గుట్ట, గుహతో సహా, కంకరై లారీల లెక్కన అమ్ముడుపోయింది.