మిలట్రీ జాకెట్టు వేసుకున్న పూట

నా చిన్నప్పుడు మాచర్ల అవతల రాళ్ల క్వారీలో అడుగుపెట్టాలంటే, పిల్లలైనా ముసలాళ్లైనా నెత్తికి ఎర్రగుడ్డ చుట్టుకోవాల్సిందే. ఆ నియమం పెట్టింది మా పెదనాన్న. క్వారీలో మందు పేల్చే మేస్త్రీ ఆయనే. మధ్యాహ్నం ఒత్తి అంటించే ముందు గుట్ట మీదికెక్కి, కింద ఎన్ని ఎర్రగుడ్డలున్నాయో వేలు చూపిస్తూ లెక్కపెట్టేవాడు. అది సరిపోతేనే ఈల ఊదేవాడు.

దానికి కారణం మా నాన్న. నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఒకరోజు మట్టిరంగు చొక్కాతో బండ చాటున కునుకు తీశాడు. గుట్ట మీదున్న అన్నకు తమ్ముడు కనపడలేదు. ఒత్తి అంటించాడు. అంతే.

ఆ తర్వాత రెండేళ్లకు, చలికాలంలో, లారీ నడిపే మా మేనమామ ఎక్కడో సంతలో పాత మిలట్రీ జాకెట్టు కొని తెచ్చాడు. ఆకుపచ్చా గోధుమరంగూ మచ్చలు, నాలుగు పెద్ద జేబులు, బిగుతైన జిప్పు. నాకు మోకాళ్ల దాకా వచ్చేది. తండ్రిలేని పిల్లనని జాలిపడేవాళ్లే తప్ప నన్ను ఏనాడూ ఎవరూ కళ్లెత్తి చూసింది లేదు. అది తొడుక్కుని వీధిలోకి వస్తే చాలు, "ఏమే మిలట్రీ, యుద్ధానికేనా?" అని పక్కింటి అక్క పిలిచి మరీ నవ్వేది. అబ్బ, ఆ నాలుగు రోజులూ నా కాళ్లు నేల మీద నిలవలేదనుకోండి!

బడి లేని ఒకరోజు, క్వారీలో కూలికి పోయే అమ్మ వెంట వెళ్లాను. ఎర్రగుడ్డ ఆ జాకెట్టు మీదికి నప్పలేదనిపించి, తీసి జేబులో కుక్కుకున్నాను. మధ్యాహ్నం పెదనాన్న గుట్ట ఎక్కగానే సర్కారు తుమ్మల్లోకి దూరి కూర్చున్నాను. నన్నెవరు కనిపెడతారో చూద్దామని నా సరదా. లెక్కలో ఒకటి తగ్గింది. ఆయన మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ తగ్గింది. అమ్మ నా పేరు పెట్టి కేక వేసింది. జనమంతా బండల మధ్య పరుగులు పెడుతుంటే నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. చివరికి ముళ్లు గుచ్చుకుని నా అంతట నేనే బయటికి వచ్చాను.

తంతాడనుకున్నాను. తన్నినా బాగుండేది. పెదనాన్న నా తల మీదుగా అవతలికెక్కడికో చూస్తూ, "పిల్ల యాడా కనపళ్లా. మీకెవురికన్నా కనపడిందంట్రా?" అన్నాడు.

ఒకరిద్దరు నావైపు చెయ్యి చూపించబోతే కసిరాడు.

"కనపడకుండా ఉండే సొక్కా ఏసుకుందిగా, ఎట్టా కనపడిద్ది? ఇయ్యాల దానికి ఎవురన్నా పలికారో, నా సంగతి తెలుసుగా!"

పేలుడయ్యాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. అమ్మ క్యారేజీ విప్పింది. "అమ్మా, ఆకలేస్తా ఉందే" అన్నాను. పలకలేదు. కొంగు పట్టుకుని లాగాను. గాలికి ఎగిరిన కొంగును సర్దుకున్నట్టు సర్దుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. నా కన్నతల్లి! మంచినీళ్లు అడిగితే, అక్కడే పనిచేసే పక్కింటి అక్క నా ముందే గ్లాసు బోర్లించింది. కొందరికి అదో ఆటైపోయింది. ఒకడైతే నేను కూర్చున్న చోటికే వచ్చి, నన్ను దాటుకుంటూ పోయాడు. ముసిముసి నవ్వులు కూడా వినపడ్డాయి. ఛీ, ఏం మనుషులు!

సాయంత్రం అందరూ ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కారు. నేను ఎక్కబోతే వెనక తలుపు వేసేశారు. పెదనాన్న ఎర్రగుడ్డలు లెక్కపెట్టి, "సరిపోయినయ్. పోనియ్‌రా" అన్నాడు. ట్రాక్టరు కదిలింది. అమ్మ తల వంచుకుని కూర్చుంది, ఎత్తలేదు. ఆ దుమ్ములో ఏడుస్తూ, అరుస్తూ దాని వెనక పరుగెత్తాను. నిజంగానే నన్ను వదిలేసి పోతున్నారనుకున్నాను. ఆఖరికి జేబులోంచి ఎర్రగుడ్డ లాగి నెత్తికి చుట్టుకుని, ఆ జాకెట్టు విప్పి దారిలోనే పారేశాను.

ట్రాక్టరు ఆగింది.

"అదుగో మన పిల్ల. ఇప్పుడు కనపడింది" అన్నాడు పెదనాన్న. చెయ్యి అందించి పైకి లాగిందీ ఆయనే. అమ్మ నన్ను దగ్గరికి తీసుకోబోతే విదిలించుకున్నాను.

ఆ పూట అమ్మ కూడా ముద్ద మింగలేదని తర్వాతెప్పుడో పక్కింటి అక్క చెప్పింది. మింగకపోతే ఏం? నేను చూసింది ఆమె వీపునే. పెదనాన్న భయం ఎలాంటిదో పెద్దయ్యాక అర్థమైంది, ఆయన మీద కోపం పోయింది. మా నాన్న చావుకు ఒత్తి అంటించినవాణ్ణి మన్నించగలిగాను గానీ, అమ్మ పోయి పదేళ్లయినా ఆమెను మాత్రం మన్నించలేకపోతున్నాను. ఆ రోజు నుంచీ నన్ను ఎవరు పిలిచినా ఒక్క పిలుపుకే పలుకుతాను. చేతిలో ఏ పని ఉన్నా సరే.

మొన్న నరసరావుపేటలో చదువుకునే నా మనవరాలు అచ్చం అలాంటి మచ్చల జాకెట్టే వేసుకుని ఇంటికొచ్చింది. ఇప్పుడు కాలేజీలో అందరూ అవే వేసుకుంటున్నారట. "అమ్మమ్మా, ఎట్టుందే?" అంది. చిక్కుళ్లు ఒలుస్తున్నదాన్ని తల ఎత్తలేదు. కావాలనే పలకలేదు. ఏం బుద్ధి పుట్టిందో నాకు!

"అమ్మమ్మా, నిన్నే!" అంది మళ్లీ. ఆ గొంతులో కాస్త బెదురు వినపడింది.

"కనపడుతున్నావే తల్లీ, కనపడుతున్నావు" అన్నాను. చేతిలో చిక్కుళ్లు కింద పడిపోయాయి.

"కనపడక ఏంది?" అని అది నవ్వుతూ లోపలికి పోయింది.

రెండో పిలుపుకే నేను ఆగలేకపోయాను. మా అమ్మకు పొద్దుగూకేదాకా ఎలా చేతనైందో!